'ఐ మిస్డ్ యూ' అన్నాడంటే ఇప్పుడు బెంగ లేదనా, అక్కా?

ఈ వారం ఉత్తరం తెనాలి వైపు నుంచి వచ్చింది. పేరు వేయొద్దంది, వేయడం లేదు. వయసు 29. జర్మనీలో, స్టుట్‌గార్ట్‌లో ఎమ్మెస్ చేసేటప్పుడు తన క్లాసులోనే ఉన్న, టర్కీలోని ఇజ్మీర్ నుంచి వచ్చిన అబ్బాయిని ఇష్టపడింది. రెండు ఇళ్లలోనూ కొంత గొడవ జరిగి చివరికి అందరూ ఒప్పుకున్నారు. చదువైపోయాక అబ్బాయి ఉద్యోగం దొరికి ఇజ్మీర్ వెళ్లిపోయాడు. ఈ అమ్మాయి కూడా వెళ్లాల్సింది గానీ, అంతలో వాళ్ల నాన్నగారికి గుండె ఆపరేషన్ అవసరమైంది, ఇంటికి వచ్చేసి ఇక్కడే ఉండిపోయింది. ఏడు నెలలైంది. రోజూ రాత్రి పదకొండున్నరకి ఫోను, అప్పటికి అక్కడ తొమ్మిది. ఇద్దరి మధ్యా ఇంగ్లీషే.

గొడవ ఒక్క మాట దగ్గర మొదలైందట. తను 'ఐ మిస్ యూ' అని పెడితే అతను ప్రతిసారీ 'ఐ మిస్డ్ యూ' అని జవాబిస్తాడు. మిస్డ్ అంటే అయిపోయిందనేగా, మరి ఇప్పుడో, అని తను అడిగింది. 'ఇప్పుడు ఏమిటి?' అని అతనికి అర్థం కాలేదు. అడిగిందే మళ్లీ అడిగితే విసుక్కున్నాడు. ఇది చాలదన్నట్టు బక్రీదుకి, వాళ్ల ఇంట్లో అందరూ కలిసిన రోజున, తను వీడియో కాల్‌లో కలవలేకపోయింది. మర్నాడు కాబోయే అత్తగారికి ఫోన్‌లో అనువాదం చేయించి 'నిన్న మిమ్మల్ని చాలా మిస్ అయ్యాను' అని పంపింది. ఆవిడ జవాబు: 'ముఖ్యం కాదు, మళ్లీ ఫోన్ చేస్తావులే.' అది చదివి రెండు రోజులు అన్నం సహించలేదని రాసింది. 'నేను బెంగగా ఉంది అంటే ముఖ్యం కాదంటారా అక్కా? ఆయనకి నా మీద ప్రేమ తగ్గిందా, లేక ఇదంతా భాషేనా? నేను టర్కిష్ నేర్చుకోవాలా, పెళ్లి వాయిదా వేసుకోవాలా?' ఇదీ ప్రశ్న. కాగితం చివర్న, కొట్టేసి మళ్లీ రాసిన ఒక వాక్యం ఉంది: ఆపరేషన్ అయ్యాక అతను నాన్నగారితో ఒక్కసారి కూడా మాట్లాడలేదు.

అమ్మా,

అక్కా అని పిలిచావు కాబట్టి నువ్వనే అంటాను. మా ఆయన ఉద్యోగం వల్ల నేను టర్కీ రాజధాని అంకారాలో మూడేళ్లున్నాను. టర్కిష్ పుస్తకాల్లో చదివింది తక్కువ, మా పై అంతస్తు ఆవిడ వంటింట్లో కూర్చుని నేర్చుకున్నది ఎక్కువ. అందుకే నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఇందులో రెండు ముళ్లు ఒకదానిలో ఒకటి పడిపోయాయి. మాట వల్ల వచ్చిన ముడి ఒకటి, మాటతో సంబంధమే లేని ముడి ఇంకోటి. మొదటిది విప్పడం తేలిక, అది ముందు చూద్దాం.

టర్కిష్‌లో ఇంగ్లీషు 'మిస్'కి సరిపడే ఒక్క మాట లేదు, దాని పనిని నాలుగైదు మాటలు పంచుకుంటాయి. మనిషి మీద బెంగకి ఓజ్లెమెక్. బస్సు, రైలు, అవకాశం, ఎత్తలేకపోయిన ఫోను, వీటికి కచిర్మక్. గురి తప్పడానికి ఇస్కలమక్. మీ అతను నీకు పంపుతున్నది 'సెని ఓజ్లెదిమ్' అన్న మాట. పుస్తకంలో చూస్తే అది భూతకాలమే, అనుమానం లేదు. కానీ టర్కీలో ఎవరైనా 'నాకు బెంగగా ఉంది' అని చెప్పేటప్పుడు చాలా మామూలుగా అనేది ఆ భూతకాలపు రూపాన్నే. ఆకలేస్తున్నప్పుడు 'అజిక్‌తిమ్' అంటారు, అంటే ఆకలేసింది అని. అలసటగా ఉంటే 'యొరుల్దుమ్', అలిసిపోయాను అని. ఒక స్థితిలోకి వచ్చేశాను, ఇంకా అందులోనే ఉన్నాను అని దాని అర్థం.

మనకి ఇది కొత్త కాదు. 'అలిసిపోయాను' అని నువ్వంటే, ఎప్పుడో అలిసి ఇప్పుడు హాయిగా ఉన్నావని ఎవరూ అనుకోరు కదా. 'నీ మీద బెంగ పెట్టుకున్నాను' అంటే ఆ బెంగ తీరిపోయినట్టా? తీరలేదు, ఈ క్షణంలో గుండెలోనే ఉంది. అతని 'ఓజ్లెదిమ్' అచ్చంగా మన 'బెంగ పెట్టుకున్నాను'. దాన్ని అతను ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు భూతకాలం భూతకాలంగానే వెళ్లింది, 'మిస్డ్' అయ్యింది. ఇంగ్లీషులో 'డ్' వచ్చేసరికి తలుపు మూసినట్టు నీకు వినిపించింది. ఇద్దరూ మీ మీ భాషల్లో ఒకటే చెప్పుకుంటున్నారు. మధ్యలో ఉన్న ఇంగ్లీషు ఇద్దరికీ అద్దె ఇల్లు.

ఇక అత్తగారి సంగతి. నువ్వు ఇంగ్లీషులో 'మిస్డ్' అని టైపు చేశావు. వీడియో కాల్‌లో కలవలేకపోయిన మర్నాడు కాబట్టి ముందూ వెనకా ఆ కాల్ మాటలేవో రాసి ఉంటావు. ఆ యంత్రం 'మిస్'ని కచిర్మక్ చేసి ఉంటుందని నేను దాదాపు ఖాయంగా చెప్పగలను, ఎందుకంటే ఆవిడ జవాబు దానికి సరిగ్గా అతుకుతోంది. ఆవిడకి అందింది 'నిన్న మిమ్మల్ని అందుకోలేకపోయాను' అన్న మాట. అంటే ఫోను కలవలేదని పిల్ల నొచ్చుకుంటోంది అని. దానికి ఆవిడ 'ఒనెమ్లి దెయిల్' అని ఉంటుంది. మాటకి మాట పెడితే 'ముఖ్యం కాదు' అని వస్తుంది గానీ, వాళ్లు దాన్ని వాడేది మనం 'ఫరవాలేదమ్మా' అనే చోట. నేను వాళ్లింట్లో టీ గ్లాసు పగలగొట్టినప్పుడు కూడా మా పై అంతస్తు ఆవిడ అదే మాట అంది. 'ఫరవాలేదమ్మా, మళ్లీ చేద్దువుగానిలే' అని ఆవిడ నిన్ను ఓదార్చింది. ఇప్పుడు ఆ జవాబు ఇలా చదువుకో.

ఇంకో సంగతి, కచిర్మక్ అన్న మాట లోపల ఏముందో తెలిస్తే నీకు ఆశ్చర్యంగా ఉంటుంది. కచ్‌మక్ అంటే పారిపోవడం, కచిర్మక్ అంటే పారిపోయేలా చేయడం. బస్సు అందకపోతే 'బస్సుని పారిపోనిచ్చాను' అంటున్నారన్నమాట. అదే మాట మనిషి మీద వాడితే ఎత్తుకుపోవడం. కిజ్ కచిర్మా అంటే పిల్లని ఎత్తుకుపోవడం, మన ఊళ్లలో 'లేపుకుపోయాడు' అంటారే, ఆ సందర్భాలు కూడా అందులో ఉంటాయి, బలవంతంగా తీసుకుపోయినవీ ఉంటాయి. నిద్ర పట్టకపోతే 'ఉయ్‌కుమ్ కచ్‌తి', నా నిద్ర పారిపోయింది. నువ్వు ఇంత బరువైన మాటని బెంగ చెప్పడానికి పంపావు, పాపం అది ఆ పని చేయలేకపోయింది.

అసలు ఇంగ్లీషువాళ్లకి గురి తప్పడానికీ బెంగకీ ఒకే మాట ఎలా వచ్చిందని నువ్వూ అనుకుని ఉంటావు. పాత ఇంగ్లీషులో మిస్సన్ అనేది గురి తప్పడం. జర్మన్‌లో మనిషి మీద బెంగకి వాడే 'ఫెర్‌మిసెన్' నువ్వు స్టుట్‌గార్ట్‌లో వినే ఉంటావు, అదీ దీని తోబుట్టువే. మిస్టేక్, మిస్‌లీడ్ లాంటి మాటల ముందుండే మిస్ కూడా ఈ కుటుంబంలోదే. పెళ్లి కాని ఆడపిల్ల పేరు ముందు పెట్టే మిస్ మాత్రం వేరు, అది మిస్ట్రెస్‌ని కుదించగా వచ్చింది.

పాత ఇంగ్లీషు కావ్యం బేవుల్ఫ్‌లో ఈ మాట వచ్చే చోటు నాకు మరపురాదు. దాని రాతప్రతి సుమారు 1000వ సంవత్సరం నాటిది. హ్రెథెల్ అని ఒక రాజు, అతనికి ముగ్గురు కొడుకులు. రెండోవాడు హెత్‌కిన్ బాణం వేశాడు, గురి తప్పింది, తగిలి పెద్దవాడు హెరెబాల్డ్ చనిపోయాడు. 'గురి తప్పాడు' అన్న చోట వాడినది ఈ మాట పాత రూపమే. పగ తీర్చుకుందామంటే చంపినవాడూ కన్నకొడుకే, ఏం చేస్తాడు ఆ తండ్రి? ఆ దిగులుతోనే పోయాడు. 'నువ్వు లేని లోటు తెలుస్తోంది' అన్న అర్థం ఇంగ్లీషులో స్థిరపడింది 15వ శతాబ్దం చివరికి. అంటే ఆ కావ్యం రాసినవాడికి ఈ మాటలో బెంగ తెలియదు. అయినా తప్పిపోయిన బాణం, కొడుకు లేని ఇల్లు, రెండూ అప్పుడే ఒకే కథలో పక్కపక్కన ఉన్నాయి. చేతికి అందాల్సింది అందలేదు అన్న చోట నుంచి, ఉండాల్సిన మనిషి లేడు అన్న చోటికి ఆ మాట మెల్లగా నడిచింది.

మన 'తప్పు' కూడా దాదాపు అంత దూరమూ నడిచింది చూడు. గురి తప్పింది, దారి తప్పాడు, మాట తప్పాడు, పరీక్ష తప్పింది, బస్సు తప్పిపోయింది, జాతరలో పిల్లాడు తప్పిపోయాడు, నెల తప్పింది. చేసిన పొరపాటూ తప్పే. కానీ 'నిన్ను తప్పుతున్నాను' అని మనం అనం. బెంగ దగ్గర మన భాష ఆగి వేరే మాట వెతుక్కుంది. దిగులు, బెంగ, మనాది, తెలంగాణలో అయితే రంది, 'మస్తు యాదికొస్తున్నవ్'. ఆ యాది పారసీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చింది. టర్కిష్‌లోనూ ఉంది, 'యాద్ ఎత్‌మెక్' అంటే తలుచుకోవడం. వాళ్లు బెంగకి వాడే ఇంకో మాట హస్రెత్, అరబ్బీ మాట, మన హైదరాబాదు ఉర్దూలో హస్రత్. పరాయి ఊళ్లో ఉండటాన్ని గుర్బెత్ అంటారు, దాని పక్క మాటే గరిప్, అంటే ఎవరూ లేని వింతవాడు, పరదేశి. మన దగ్గర అదే గరీబు, పేదవాడు. 1961 అక్టోబరు 30న టర్కీకీ పశ్చిమ జర్మనీకీ కూలీల ఒప్పందం జరిగాక రైళ్లెక్కి పోయినవాళ్లని గుర్బెత్‌చి అన్నారు. మీరిద్దరూ కలిసిన స్టుట్‌గార్ట్ వీధుల్లో వాళ్ల మనవలు కనబడే ఉంటారు. మా నాన్న మస్కట్‌లో ఉన్నప్పుడు అమ్మకి రాసిన ఉత్తరాల్లో 'ఇక్కడ అంతా క్షేమం' తర్వాత వాక్యం ఎప్పుడూ ఒకటే, 'పిల్లల మీద బెంగగా ఉంది'. అమ్మ మీద అని ఎప్పుడూ రాయలేదు. అమ్మకి మాత్రం అర్థమయ్యేది, ఆ ఒక్క వాక్యం దగ్గర కాగితం మడత నలిగిపోయి ఉండేది.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, ఓజ్లెమెక్ పొడి మాట అని నువ్వు అనుకోకూడదని. ఓజ్ అంటే తాను, తన లోపలిది, సొంతం. ఓజ్ కర్దెష్ అంటే తోడబుట్టినవాడు. ఓజ్లెమెక్‌కి మూలం ఆ ఓజేనని చెబుతారు. అంటే అతను నీకు రోజూ పంపే ఆ చిన్న మాట అతని లోపలి నుంచి వచ్చిన మాటే. దీనికంటే గాఢంగా చెప్పాలంటే వాళ్లు 'బుర్నుమ్‌దా తుతుయోర్' అంటారు. మా పై అంతస్తు ఆవిడ కొడుకు కొలోన్‌లో ఉండేవాడు. ఒకరోజు పొయ్యి మీద పచ్చిమిరపకాయలు మాడుస్తూ, అవి వాడికి ఇష్టం, చటుక్కున చేతిలో అట్లకాడ అలాగే పట్టుకుని ఆ మాట అని ముక్కు పక్కన వేలితో చూపించింది. తుత్‌మెక్ అంటే పొగ లేవడం. వాడు నా ముక్కులో పొగలా లేస్తున్నాడు. నాకు అప్పటికి అంత టర్కిష్ రాదు, అయినా ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేకపోయింది.

ఇప్పుడు రెండో ముడి. నువ్వు కొట్టేసి మళ్లీ రాసిన వాక్యం.

నాన్నగారి ఆపరేషన్ తర్వాత అతను ఆయనతో మాట్లాడలేదు. ఏడు నెలల్లో రాలేదు. దీనికి ఏ నిఘంటువూ జవాబు చెప్పదు. కారణాలు చాలా ఉండొచ్చు. కొత్త ఉద్యోగంలో సెలవు దొరక్కపోవచ్చు, మీ నాన్నగారితో ఏ భాషలో మాట్లాడాలో తెలియక బెదిరి ఉండొచ్చు, లేదా అతనికి అది తట్టనే లేదేమో, తట్టకపోవడం కూడా ఆలోచించాల్సిన విషయమే. నాకు తెలియదు, నీకూ తెలియదు, ఎందుకంటే నువ్వు అడగలేదు. ఉత్తరం మొత్తం మీద నువ్వు అతన్ని ఒక అక్షరం గురించి అడిగినట్టు పది చోట్ల ఉంది, నాన్న గురించి అడిగినట్టు ఒక్క చోటా లేదు. ఆ 'డ్' మీద నీకొచ్చిన కోపంలో సగం దీనిదే అనిపిస్తోంది తల్లీ. అసలు అడగాల్సింది అడగలేక, దాన్ని ఈ అక్షరానికి తగిలించావేమో ఒకసారి చూసుకో.

నీ ముందున్న దారులు నాకు కనబడినంత వరకు చెబుతాను, ఏది ఎంచుకోవాలో నీ ఇష్టం.

ఇంగ్లీషులోనే కొనసాగొచ్చు. అప్పుడు ఒక ఒప్పందం పెట్టుకోండి, ఏ మాటైనా గుచ్చుకుంటే కోపగించే ముందు 'దీన్ని మీ భాషలో ఎలా అంటారో రాసి పంపు' అని అడగడం. ఇది తేలిక, ఈ రాత్రి నుంచే మొదలుపెట్టొచ్చు. కానీ ఇద్దరూ ఓపికగా ఉన్న రోజున పనిచేస్తుంది, టెన్షన్‌లో ఉన్న రోజున గుర్తుకు రాదు. పైగా అత్తగారితో, వాళ్ల చుట్టాలతో ఇది అసలు నడవదు, అక్కడ నువ్వు ఎప్పటికీ ఫోన్‌లోని యంత్రం మీద ఆధారపడే మనిషివే.

టర్కిష్ నేర్చుకోవచ్చు. తెలుగు పిల్లకి అది మరీ కొండ కాదని నా అనుభవం. క్రియ చివర్నే వస్తుంది, ప్రత్యయాలు వెనకే అతుకుతాయి. ఎవ్ ఇల్లు, ఎవ్‌దె ఇంట్లో, ఎవ్‌లెరిమిజ్‌దె మన ఇళ్లలో. నాకు బాగా నచ్చింది ఇంకోటుంది. గెల్ది అంటే వచ్చాడు, గెల్‌మిష్ అంటే వచ్చాడట. మన 'ట' వాళ్ల దగ్గర ఉంది! ఇంగ్లీషులో దీన్ని చెప్పడానికి విడిగా ఇంకో మాట కావాలి. ఆరు నెలలు రోజుకో గంట కూర్చుంటే అత్తగారితో వంటింటి మాటలు వచ్చేస్తాయి. అయితే ఒక్క మాట, నువ్వు మాత్రమే నేర్చుకుని, అతను తెలుగులో 'బాగున్నారా మావయ్యా' అనడం కూడా నేర్చుకోకపోతే, కొన్నాళ్లకి నీకు చేదుగా అనిపిస్తుంది. ఇజ్మీర్ వెళ్లాక ఎలాగూ నీకు ఆ భాష తప్పదు, అందుకే అతని వైపు నుంచి ఆ చిన్న అడుగు ఇప్పుడే అడగడం న్యాయం. 'బెంగ' అన్న మాట నేర్పించు. దాని అర్థం ఇంగ్లీషులో చెప్పకు, 'ఓజ్లెదిమ్ లాంటిది' అని చెప్పు, అతనికి వెంటనే తెలుస్తుంది.

పెళ్లి వాయిదా వేయొచ్చు. నాన్నగారు కోలుకునే దాకా అని పెడితే అందరికీ అర్థమయ్యే కారణం, నీకూ ఊపిరి తీసుకునే వ్యవధి. కానీ అసలు కారణం నీ అనుమానం అయి, పైకి నాన్న ఆరోగ్యం అని చెబితే, అతనికి తన తప్పేమిటో తెలిసే వీలు ఉండదు. వ్యవధి పెరిగి అనుమానం అలాగే ఉంటుంది. మీ నాన్నగారు కూడా 'నా వల్ల పిల్ల పెళ్లి ఆగింది' అని మనసులో పెట్టుకుంటారు, ఆపరేషన్ అయిన మనిషికి అది మంచిది కాదు.

లేదా నేరుగా అడగొచ్చు. 'ఆపరేషన్ తర్వాత నువ్వు నాన్నతో మాట్లాడలేదు, నాకు కష్టంగా ఉంది. ఎప్పుడు వస్తావు?' అని, చిన్న చిన్న వాక్యాల్లో, ఏ భాషలోకి మార్చినా చెడని మాటల్లో. సిగ్గుపడి మర్నాడే ఫోన్ చేస్తే అదొక జవాబు. తేదీ చెప్పి టికెట్ చూపిస్తే అదొక జవాబు. సాకులు చెప్పి మాట మారిస్తే అదీ జవాబే, అది వినడానికి బాధగా ఉంటుంది, అప్పుడు వాయిదా గురించి నువ్వు ఆలోచించేది నిజమైన కారణంతో అవుతుంది. నేనైతే మిగతా దారులకంటే ముందు ఇది చేస్తాను, ఎందుకంటే దీని జవాబు తెలియకుండా తక్కినవి తేల్చుకోలేవు. అయితే నీ మనసు ఇంకా పచ్చిగా ఉంది, రెండు రోజులు ఆగి అడిగినా ఫరవాలేదు.

అత్తగారికి మాత్రం ఇవాళే పంపొచ్చు. ఇంగ్లీషులోంచి మార్చకు. పెద్దవాళ్లకి సెని అనరు, సిజి అంటారు, మనం మిమ్మల్ని అన్నట్టు. 'సిజి చోక్ ఓజ్లెదిమ్.' అంతే, మూడు మాటలు. టైపు చేయడం కష్టమైతే వాయిస్ మెసేజ్ పెట్టు, నీ గొంతు ఎలాగూ ఆవిడకి తెలుసు.